చిన్నబడిలో ఈ విడత చదువు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున గడచిన కాలమును తలచుకొనుట ఆచారము. వేళ తప్పక తలుపు తీసినవారిని, పుస్తకములు దానమిచ్చినవారిని, చందాలు పోగుచేసినవారిని స్మరించుట ధర్మము. అయితే గ్రంథాలయమునకు నిన్నటి పాఠకులు ఎంత ముఖ్యులో, రేపటి పాఠకులును అంత ముఖ్యులు. ఆ రేపటి పాఠకులు ఎక్కడనో దూరమున లేరు. ఊరి చిన్నబడిలో, మొదటి తరగతి మొదలు ఐదవ తరగతి వరకు, బారులు తీరి కూర్చుండి యున్నారు. జూన్ నెలలో బడి తెరచినది మొదలు దసరా సెలవుల వరకు సాగు ఈ విడతలో వారు ఏమి నేర్చుచున్నారో గ్రామస్థులు తెలిసికొనుట అవసరము. అది తెలియనిదే, రానున్న ఇరువదియైదేండ్లలో ఈ బీరువాలు తెరచువారు ఎందరుందురో చెప్పుట సాధ్యము కాదు.

తల్లిదండ్రులు సాధారణముగా పిల్లల చదువును మూడు గుర్తులతో కొలుచుచుందురు. నోటుపుస్తకములో వ్రాత ముత్యములవలె ఉన్నదా? పాఠము తడుముకొనకుండ అప్పగించుచున్నాడా? ఆంగ్ల గేయము నొకదానిని చుట్టముల యెదుట పాడుచున్నాడా? ఈ మూడును మంచివే. కాని ఈ మూడును ఉండియు చదువు రాని పిల్లవాడు ఉండవచ్చును. చూచి వ్రాయుట చేతి నేర్పు. అప్పగించుటయు, పాడుటయు చెవికిని నోటికిని సంబంధించిన నేర్పులు. ఎన్నడును చూడని వాక్యమును చూచి, అందు ఏమి చెప్పబడినదో గ్రహించి, తన మాటలలో తిరిగి చెప్పగలుగుట చదువు. ఈ విడత చిన్నబడిలో జరుగుచున్న పని యంతయు ఈ ఒక్క నేర్పు చుట్టును తిరుగుచున్నది.

2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము, మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుట, వ్రాయుట, లెక్కించుట వచ్చి తీరవలెనని నిర్దేశించినది. ఆ లక్ష్యమును సాధించుటకై 2021 జూలై 5వ తేదీన 'నిపుణ్ భారత్' అను కార్యక్రమము ఆరంభింపబడినది. అందుకు 2026-27 విద్యాసంవత్సరమును గడువుగా పెట్టిరి. ఏ తరగతి ముగియునప్పటికి ఏమి రావలెనో కూడ అందు చెప్పబడినది. మొదటి తరగతి పిల్లవాడు అంతకుముందు చూడని పాఠములో, నాలుగైదు సులభమైన మాటలు గల చిన్న వాక్యములను చదువవలెను. 99 వరకు సంఖ్యలను చదివి వ్రాయవలెను. రెండవ తరగతి పిల్లవాడు నిమిషమునకు 45 మొదలు 60 మాటల వరకు చదువవలెను. 999 వరకు సంఖ్యలు తెలియవలెను. మూడవ తరగతి పిల్లవాడు నిమిషమునకు 60 మాటలకు తక్కువ కాకుండ, అర్థము తెలిసికొనుచు చదువవలెను. 9,999 వరకు సంఖ్యలు రావలెను.

ఈ కొలతలను గడియారము చేతబట్టుకొని పిల్లలను పరుగెత్తించుటకు వాడరాదు. తెలుగు మాట పొడవైనది. ఆంగ్లమున నాలుగు మాటలలో చెప్పెడి విషయమును తెలుగు ఒక్కొక్కప్పుడు ఒక్క క్రియాపదములో ఇముడ్చును. కాబట్టి వేగము కన్న అర్థమే ప్రధానము. అయినను కొంత వేగము లేనిదే అర్థము చిక్కదు. ఇందుకు కారణమును ఒక ఉదాహరణముతో చూడవచ్చును. "వాన కురిసింది. చెరువు నిండింది. చేపలు ఎదురెక్కాయి." ఈ మూడు వాక్యములను ఒక పిల్లవాడు "వా... న... కు... రి..." అని ఒక్కొక్క అక్షరమును కూడబలుకుచు చదివినచో, చేపలను చేరునప్పటికి వానను మరచిపోవును. మనస్సు ఒకేసారి మోయగలిగిన బరువు తక్కువ. అక్షరములను పోల్చుకొనుటకే ఆ శక్తి యంతయు ఖర్చయినచో అర్థమునకు మిగులునది లేదు. అక్షరములు అలవాటై కంటికి వానంతట అవే తెలియునప్పుడు మాత్రమే మనస్సు చేపల వైపు మరలును. "చేపలు ఏల ఎదురెక్కినవి?" అని అడుగగా, "క్రొత్తనీరు వచ్చింది గనుక" అని ఆ పిల్లవాడు చెప్పును. ఆ జవాబు వాక్యములలో లేదు. అది చెరువుగట్టున తాతతో నిలబడి చూచిన అనుభవములో ఉన్నది. పుస్తకములోని మాటయు, ఊరిలోని అనుభవమును కలిసిన ఆ క్షణముననే చదువు పుట్టును.

ఇక తరగతుల వారీగా చూడవలెను. పూర్వము పిల్లలచే అ మొదలు ఱ వరకు వర్ణమాల యంతయు వల్లె వేయించి, ఆపైన గుణింతములు, ఆపైన ఒత్తులు, చిట్టచివరకు మాటలు నేర్పుచుండిరి. మాటను చూచునప్పటికి కొందరు పిల్లలకు బడిమీద విరక్తి కలిగెడిది. ఇప్పటి మొదటి తరగతి వాచకములలో క్రమము మారినది. తెలిసిన బొమ్మ, ఆ బొమ్మ పేరు, ఆ పేరులోని అక్షరము అను వరుసలో పాఠము నడచును. త, ల, ప, క అను నాలుగు అక్షరములు తెలిసిన మరునాడే పిల్లవాడు తల, కల, లత, పలక, కలత అను మాటలు చదువగలడు. దీర్ఘమును కొమ్మును తెలిసినచో తాత, పాప, కాలు, పాలు వచ్చి చేరును. కొద్ది అక్షరములతో ఎక్కువ మాటలు, ఆ మాటలతో చిన్న వాక్యములు. ఈ విడత మొదటి తరగతిలో వర్ణమాల ఇంకను పూర్తి కాలేదని తల్లిదండ్రులు కలవరపడ నక్కరలేదు. తెలిసిన అక్షరములతో ఎన్ని మాటలు చదువుచున్నాడో చూడవలెను.

రెండవ తరగతిలో అసలైన కొండ ఎదురగును. అది ఒత్తుల కొండ. తెలుగులో క, గ, ప మొదలైన అక్షరముల ఒత్తులకు అక్షరముల పోలిక కొంత ఉన్నది. త, న, మ, య, ర, ల అను వాని ఒత్తులు మాత్రము తమ అక్షరములను పోలవు. వానిని వేరుగా గుర్తుంచుకొనవలసినదే. విచిత్రమేమనగా, బిడ్డ పుట్టిన తరువాత మొదట పలికెడి మాటలలో పెక్కు ఈ కష్టమైన ఒత్తులతోనే కూడియున్నవి. అత్త, నాన్న, అమ్మ, అయ్య, గొర్రె, ఇల్లు. నోటికి ఇంత సులభమైన మాటలు కంటికి ఇంత కఠినముగా నుండుట చూచి పెద్దలు ఆశ్చర్యపడుదురు; కోపగించుకొందురు. "అమ్మ అని చదువలేవా?" అని గద్దింతురు. పిల్లవానికి అమ్మ తెలియక కాదు, మ క్రిందనున్న ఆ చిన్న గుర్తు తెలియక. మకు వుకు, మకు యకు తేడా పోల్చుకొనుటకును కొందరికి నెలలు పట్టును. ఇది మందబుద్ధి కాదు. ఎన్నో పర్యాయములు, ఎన్నో మాటలలో ఆ గుర్తు కంటబడిన గాని అది స్థిరపడదు. ఆ కంటబడుట ఒక్క వాచకముతో తీరదు. ఒక్క వాచకమునే పదేపదే చదివినచో అది కంఠతా వచ్చును. అప్పుడు కన్ను పని మానివేయును, నోరు పని సాగించును. క్రొత్త పుస్తకము అవసరమగుట ఇక్కడనే.

గణితము వేరు శాస్త్రమని, దానికిని చదువుటకును సంబంధము లేదని కొందరి అభిప్రాయము. మూడవ తరగతి లెక్కను చూచినచో ఆ అభిప్రాయము నిలువదు. "రంగయ్య 35 కొబ్బరికాయలు సంతకు తీసుకొని వెళ్లాడు. సాయంకాలం 8 మిగిలాయి. ఎన్ని అమ్ముడుపోయాయి?" ఒకనికి తీసివేత వచ్చును, 35లో 8 తీసివేయుమన్నచో, మూడు పదులలో ఒక పదిని విప్పి ఒకట్లుగా చేసి, 27 అని చెప్పును. కాని ఈ లెక్కను తనంతట తాను చదువలేడు. రెండు అంకెలు కనబడినవి గదా యని కలిపివేసి 43 అని వ్రాయును. సంతకు 35 కాయలు పట్టుకొనిపోయినవాడు 43 ఏ విధముగా అమ్మెనని వానికి తోచదు. లెక్క తప్పినది గణితములో కాదు, "మిగిలాయి" అను మాట దగ్గర.

సంఖ్యల విషయములో తెలుగు బిడ్డకు ఒక మేలు కలదు. ఇరువది దాటిన తరువాత తెలుగు సంఖ్యల పేర్లు తమ లెక్కను తామే చెప్పును. ముప్పది అయిదు అనగా మూడు పదులు, అయిదు ఒకట్లు. హిందీలో నూరు వరకు పేర్లను చాలవరకు ఒక్కొక్కటిగా గుర్తుంచుకొనవలెను. ఆంగ్లములో పదమూడు మొదలు పందొమ్మిది వరకు ఒకట్లు ముందు, పది వెనుక పలుకబడును. ఫిఫ్టీన్‌కు ఫిఫ్టీకి పిల్లలు తికమకపడుట అందరెరిగినదే. తెలుగులో చిక్కు పదకొండు మొదలు పందొమ్మిది వరకే. కాబట్టి బడిలో ఏ భాషలో లెక్కలు చెప్పినను, ఇంటిలో చింతగింజలతో, పుల్లకట్టలతో పదులు కట్టి తెలుగులో లెక్కింపించుట వలన నష్టము లేదు, స్థానవిలువ స్పష్టపడును.

మూడవ తరగతి మొదలు పరిసరముల విజ్ఞానము తోడగును. కుటుంబము, ఆహారము, నీరు, ఇల్లు, ప్రయాణము మొదలైనవి అందలి విషయములు. ఈ పాఠములకు సగము పుస్తకము బడిలో ఉన్నది. సగము ఊరిలో ఉన్నది. కాలువకు నీరు ఎప్పుడు వదలుదురు, బావిలో నీరు ఏ నెలలో అడుగంటును, పూర్వము ఏ ధాన్యము పండించెడివారు అను ప్రశ్నలు వేయుటకు పిల్లలు పెద్దల యొద్దకు వచ్చినచో విసుగుకొనక జవాబు చెప్పవలెను. ఆ జవాబును పిల్లవాడు రెండు వాక్యములలో వ్రాసినచో, అది చూచివ్రాతకన్న నూరు రెట్లు విలువైన వ్రాత.

అర్థము లేని చదువు అను సమస్య ఈనాటిది కాదు. చెన్నపట్టణము గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని యందలి బడులను గూర్చి కలెక్టర్ల నుండి నివేదికలు కోరెను. బళ్లారి జిల్లా కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులుండెను. వానిలో 226 తెలుగు బడులు. చదువుకొనుచున్నవారు మొత్తము 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. పిల్లలు వ్రేలితో ఇసుకలో అక్షరములు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుట, ఉదయమున అందరికన్న ముందు బడికి వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుట, ఆలస్యముగా వచ్చినవారికి వరుసగా దెబ్బలు పెంచుకొనుచు పోవుట మొదలైనవి ఆయన వర్ణించెను. అల్పవ్యయముతో అందరకు చదువు చెప్పెడి ఆ పద్ధతిని, ముఖ్యముగా పిల్లలే పిల్లలకు నేర్పుటను ఆయన మెచ్చుకొనెను. కాని ఒక లోపమును దాచలేదు. పిల్లలు వాడుకభాషకు దూరమైన పద్యములను లెక్కకు మిక్కిలిగా వల్లించుచున్నారనియు, వాని అర్థము చిలుకకు తెలిసినంతయే వారికి తెలియుననియు వ్రాసెను. పరాయివాడు చేసిన విమర్శయని దానిని త్రోసివేయ నక్కరలేదు. ఇరువది శతాబ్దపు ఆరంభమున గిడుగు రామమూర్తి పంతులు సాగించిన వాడుకభాషా ఉద్యమమునకు మూలమైన బాధలలో ఇదియు ఒకటి. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు కూర్చెను. బిడ్డ పలికెడి మాట పుస్తకములో కనబడిన గాని చదువు పట్టుబడదని ఆయన ఎరుగును. ఇటువంటి సభలలో ఉపన్యాసములకు గ్రాంథికము ఒప్పియుండవచ్చును గాని, ఏడేండ్ల పిల్లవాని చేతిలోని పుస్తకమునకు ఒప్పదు.

ఆ వీధిబడుల మంచిలక్షణము ఒకటి సముద్రములు దాటినది. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయ మతగురువు 1789 మొదలు చెన్నపట్టణమునందలి అనాథ బాలుర పాఠశాలకు పెద్దగా నుండెను. నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టి, తెలిసిన పిల్లలచే తెలియని పిల్లలకు చెప్పించెను. 1797లో ఆయన ప్రకటించిన గ్రంథము వలన ఆ పద్ధతి 'మద్రాసు పద్ధతి' యను పేరుతో ఇంగ్లండులో వ్యాపించినది. నాలుగవ తరగతి పిల్ల మొదటి తరగతి తమ్మునికి పుస్తకము చదివి వినిపించుట వలన ఇద్దరికిని లాభమను సత్యము ఈ దేశపు వీధి అరుగులమీదనే వెలసినది.

రెండువందల సంవత్సరముల తరువాత స్థితి యెట్లున్నది? బడులు ఊరూర వెలసినవి. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణము విద్యను ప్రాథమిక హక్కు చేసినది. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. బడిమెట్లు ఎక్కని పిల్లలు అరుదైనారు. బాలికలు బాలురతో సమముగా తరగతులలో కూర్చుండుచున్నారు. ఇది సామాన్య విజయము కాదు. కాని బడికి వచ్చుట వేరు, చదువు వచ్చుట వేరు. 'ప్రథమ్' అను సంస్థ 2005 మొదలు దేశమందలి పల్లెలలో ఇంటింటికి పోయి, పిల్లల చేతికి చిన్న పాఠమొకటి ఇచ్చి చదివించి చూచుచున్నది. ఆ నివేదిక పేరు 'అసర్'. రెండవ తరగతి పాఠమును చదువగలిగిన ఐదవ తరగతి పిల్లలు 2018లో నూటికి 50.5 మంది. అంటువ్యాధి కారణముగా బడులు మూతబడి తెరచిన తరువాత, 2022లో ఆ సంఖ్య 42.8కి పడిపోయినది. 2024లో 48.8కి కోలుకొన్నది. ఇవి దేశమందలి గ్రామములన్నిటికి సంబంధించిన లెక్కలు. ఏ ఒక్క ఊరినో, ఏ ఒక్క ఉపాధ్యాయునో నిందించుటకు చెప్పినవి కావు. కాని ఐదవ తరగతి గదిలో కూర్చున్నవారిలో సగము మందికి పుస్తకము నోరు విప్పదనుట చిన్న విషయము కాదు. మూడవ తరగతి వరకు పిల్లవాడు చదువుట నేర్చుకొనును. ఆపైన చదివి నేర్చుకొనవలెను. మొదటిది రానివానికి రెండవది లేదు. పై తరగతులకు పోయిన కొలదిని వాడు వెనుకబడును, మౌనము వహించును, కొన్నాళ్లకు "వానికి చదువు అబ్బలేదు" అని పెద్దలే తీర్పు చెప్పి పనికి పెట్టుదురు. వాస్తవమున వానికి అబ్బనిది చదువు కాదు; రెండవ తరగతిలో తగిన సమయమున తగిన పుస్తకము వానికి అందలేదు.

ఆంగ్లమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. పిల్లలకు ఆంగ్లము రావలెనని కోరని తల్లిదండ్రులు లేరు. ఆ కోరికలో తప్పు లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు 2020-21 నుండి ఒక పుట ఆంగ్లమును, దానికి ఎదుటి పుట తెలుగును గల ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. తెలుగు పుటను దాటవేసి ఆంగ్లపు పుటను కంఠస్థము చేయించుట కొన్ని ఇండ్లలో గొప్పగా భావింపబడుచున్నది. ఇది మెట్టు తీసివేసి మేడ యెక్కుమనుట వంటిది. వాక్యమునందు అర్థమును వెదకెడి అలవాటు ఒక భాషలో కుదిరినచో రెండవ భాషకు తానే నడచివచ్చును. తెలుగు పుటను చదివి కథ చెప్పగలిగిన బిడ్డ, ఎదుటి పుటలో ఏమి వెదకవలెనో తెలిసియే వెదకును. తెలుగులోనే అర్థము వెదుకుట ఎరుగని బిడ్డకు రెండు పుటలును గోడలే.

ఈ సందర్భమున గ్రంథాలయము వైపు చూడవలెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలైన పెద్దలు పుస్తకమును పల్లెకు చేర్చుటయే వ్రతముగా పెట్టుకొనిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణము పూనికతో గుంటూరు సీమలో కాలువమీద పడవయే గ్రంథాలయమై తీరపు గ్రామములకు పుస్తకములు మోసినది. పాఠకుడు పుస్తకము కొరకు రాలేనిచో పుస్తకమే పాఠకుని యొద్దకు పోవలెనని వారి నమ్మకము. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో, ప్రతి పాఠకునకు వానికి తగిన పుస్తకము లభింపవలెననునది ఒకటి. ఏడేండ్ల పిల్లవాడును పాఠకుడే. వానికి తగిన పుస్తకము ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నది?

సాధారణముగా గ్రామ గ్రంథాలయములలో పురాణములు, నవలలు, వారపత్రికలు, పోటీపరీక్షల పుస్తకములు ఉండును. పిల్లల పుస్తకములు ఉన్నను, పై అరలో, తాళము వేసి ఉండును. "పిల్లలు చింపివేయుదురు" అనునది అందుకు చెప్పెడి కారణము. నిజమే, చింపుదురు. కాని ఇరువదియైదేండ్లు చెక్కుచెదరక యున్న పిల్లల పుస్తకము గ్రంథాలయమునకు కీర్తి కాదు. నలిగి, అతుకులు పడి, అట్ట మార్చబడిన పుస్తకమే తన పని తాను చేసినది. 1947 జూలైలో మొదలై దశాబ్దముల పాటు ఇంటింటికి వచ్చిన 'చందమామ' ఇప్పుడు వెలువడుట లేదు. దాని పాత సంచికలు పెట్టెలలో ఉన్నవారు వానిని గ్రంథాలయమునకు ఇచ్చినచో, నాలుగైదు తరగతుల పిల్లలకు అంతకన్న మేలైన కానుక లేదు. ఒకటి రెండు తరగతుల వారికి మాత్రము పుటకు ఒక బొమ్మయు, ఒకటి రెండు వాక్యములును గల పలుచని పుస్తకములు కావలెను.

రజతోత్సవ సందర్భమున గ్రామము చేయదగిన పనులు నాలుగు కలవు. ఇవి పెద్ద ధనముతో పని లేనివి.

మొదటిది, అన్నిటికన్న క్రింది అరను చిన్నపిల్లలకు కేటాయించుట. పిల్లవాని చేయి అందెడి ఎత్తులో, అట్ట కనబడునట్లు పుస్తకములుండవలెను. ఆ అరకు తాళముండరాదు. పిల్లలకు ధరావతు, జుల్మానా ఉండరాదు. జుల్మానా భయముచే ఇంటిలో పుస్తకమును అటకమీద దాచెడి తల్లులు కలరు.

రెండవది, విడత విడతకు ఉపాధ్యాయుని సలహా తీసికొనుట. ఏ తరగతి పిల్లలు ఏ అక్షరముల వరకు వచ్చిరి, ఎవరికి ఒత్తులు చిక్కుగా నున్నవి, పరిసరముల విజ్ఞానములో ఏ పాఠము నడచుచున్నది అని గ్రంథపాలకుడు తెలిసికొన్నచో, నీటి పాఠము నడచు వారములో నీటిని గూర్చిన కథ పిల్లల చేతికి అందును.

మూడవది, వారమునకు ఒక సాయంకాలము పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చదివి వినిపించెడి గంటను ఏర్పరచుట. బళ్లారి బడులలో మెప్పు పొందిన పద్ధతియే ఇది. ఇంటిలో తమ్ముని, చెల్లెలిని ఎత్తుకొని ఆడించు బాలికలు బడి తరువాత గ్రంథాలయమునకు రాలేకపోవుచున్నారు. ఆ పసిబిడ్డలతో సహా రావచ్చునని వారికి చెప్పవలెను. చంకలోని పిల్లవాడు అల్లరి చేయును; చేయనిండు. వాడు వినుచున్నదియే వాని మొదటి పాఠము.

నాలుగవది తల్లులు చేయవలసినది. చదువురాని తల్లులు కూడ చేయగలిగినది. బిడ్డచేత పాఠ్యపుస్తకము కాక, గ్రంథాలయము నుండి తెచ్చిన క్రొత్త పుస్తకములో ఒక్క పుట చదివించి, "ఏమి జరిగింది?" అని అడుగవలెను. అక్షరము తప్పెనో లేదో అక్షరము రాని తల్లికి తెలియకపోవచ్చును. కాని కథ కుదిరినదో లేదో ఆమెకు తెలియును. నక్క బావిలో పడినదని చదివి, మరుక్షణమే చెట్టెక్కినదని చెప్పినచో, "అదేమిట్రా, బావిలో నుండి ఎట్లా వచ్చింది?" అని ఆమె అడుగును. ఆ ప్రశ్న విని బిడ్డ తిరిగి పుటను చూచును. ఆ తిరిగి చూచుటయే చదువు. అంతకన్న మంచి పరీక్షాధికారిని ఏ ప్రభుత్వమును నియమింపజాలదు. రోజుకు పది నిమిషములు చాలును. తప్పు చదివినపుడు కొట్టరాదు, ఎగతాళి చేయరాదు, ప్రక్కింటి పిల్లవానితో పోల్చరాదు. పుస్తకమన్న భయము ఒక్కసారి పట్టుకొన్నచో దానిని వదలించుట ఒత్తులు నేర్పుటకన్న కష్టము.

దసరా సెలవులు వచ్చునప్పటికి ఈ విడత చదువు ముగియును. మార్కుల కాగితములు ఇండ్లకు వచ్చును. ఆ కాగితములలో లేని ఒక లెక్కను గ్రామస్థులు తామే తీయవచ్చును. క్రింది అరలోని పుస్తకములు ఎన్ని చేతులు మారినవి? రెండవ తరగతి పిల్లలలో ఎందరు తాము ఎంచుకొన్న పుస్తకమును చదివి కథ చెప్పిరి? ఈ లెక్కను గ్రంథాలయ వార్షిక నివేదికలో జమాఖర్చుల ప్రక్కన వ్రాయవలెను. ఈనాడు ఏడేండ్ల ప్రాయమున అమ్మ క్రింది ఒత్తు దగ్గర ఆగిపోయిన పిల్లకు, స్వర్ణోత్సవము నాటికి ముప్పదిరెండేండ్లుండును. ఆమె ఆ సభకు చందాదారుగా వచ్చునా, లేక సభకు వెలుపలనే నిలిచిపోవునా యనునది ఈ విడతలో, ఈ కొద్ది నెలలలో చాలవరకు నిర్ణయమగుచున్నది. క్రింది అర ఖాళీ చేయుటకు ఒక పూట చాలును.